స్పానిష్‌లో "పెద్ద తప్పు" ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు: సమస్య - పరిష్కారం

కొంప మునిగిందని చెప్పడానికి స్పానిష్ వాళ్లకు బోలెడు మాటలు. ఒక్కో దేశంలో ఒక్కోటి. స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు దిద్దుతున్నప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఎదురైన చిక్కులివి.

సమస్య: మూలంలో ఎవరూ నోరు తెరవలేదు, అనువాదంలో నోరు జారారు

అకౌంటెంట్ లెక్కలో ఒక సున్నా ఎక్కువ వేశాడు. "మెతీ లా పాతా" అన్నాడు, అంటే "కాలు పెట్టాను" అని. అనువాదంలో "ఐ పుట్ మై ఫుట్ ఇన్ మై మౌత్" అని వచ్చింది.

కారణం: రెండు చోట్లా కాలుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ ఇంగ్లీషులో నోట్లో కాలు పెట్టుకోవడం అంటే అనకూడని మాట అనేయడమే. స్పానిష్ మాట పనిలో జరిగిన తప్పుకూ, మాటలో దొర్లిన తప్పుకూ రెండింటికీ పనికొస్తుంది. ఈ విషయంలో మనకు ఇంగ్లీషు వాళ్ల కంటే సులువు. మనకు "పప్పులో కాలేయడం" వేరు, "నోరు జారడం" వేరు.

పరిష్కారం: వాక్యాన్ని ముందు మనసులో తెలుగులో అనుకోండి. "నోరు జారాను" అంటే అతికితే అమెరికా పాఠకులకు నోట్లో కాలు, బ్రిటన్ పాఠకులకు "పుట్ మై ఫుట్ ఇన్ ఇట్". అతకకపోతే "ఐ మెస్డ్ అప్" చాలు. చివర "ఆస్తా ఎల్ ఫొందో" అని ఉంటే కాలు అడుగుదాకా దిగిందని. ఇంగ్లీషులో ఆ లోతు కొలవక్కర్లేదు, "ఐ రియల్లీ మెస్డ్ అప్" అంటే సరిపోతుంది. ఈ మాటకే నామరూపం "మెతెదూరా దె పాతా". రాజకీయ నాయకుడు సభలో అలాంటిది చేస్తే దానికి మాత్రం "గాఫ్" చక్కగా కుదురుతుంది. లాటిన్ అమెరికాలో ఇదే మాట "మెతీదా దె పాతా" అవుతుంది.

సమస్య: "నేను దానికి నీళ్లు పోశాను"

మెక్సికో కుర్రాడు పరీక్ష పాడు చేసుకుని వచ్చి "లా రెగే" అంటాడు. అనువాద మెషీన్ "ఐ వాటర్డ్ ఇట్" అని ఇస్తుంది.

కారణం: "రెగార్" అంటే మొక్కలకు నీళ్లు పెట్టడం. ఇక్కడ "లా" అంటే "దాన్ని" అనే, కానీ ఆ "అది" ఏదీ కాదు.

పరిష్కారం: ముందు వాక్యాల్లో ఆ "లా" సూచించే స్త్రీలింగ నామం ఉందేమో వెతకండి. "ప్లాంతా", అంటే మొక్క, ఉంటే అవి నిజంగా నీళ్లే. ఏదీ లేకపోతే "ఐ బ్లూ ఇట్", అంటే చేజేతులా పాడు చేసుకున్నానని. చిలీ, కొలంబియాల్లో వినిపించే "ఎంబర్రార్లా"లో బురద ఉంటుంది, స్పెయిన్‌లో "లియార్లా"లో ముడి ఉంటుంది. వాటి చివర ఉన్న "లా"కీ ఇలాగే నామం వెతకాలి.

సమస్య: మరీ బూతైంది, లేదా మరీ చప్పబడింది

"లా కగే" అనే మాట మలవిసర్జన క్రియ నుంచి వచ్చింది. స్నేహితుల మధ్య ధారాళంగా వాడతారు, అయినా మొరటు మాటే. ఎవరు ఎవరితో అంటున్నారో చూడకుండా దీన్ని ముట్టుకోవద్దు. ఆఫీసు మిత్రుల మధ్య "ఐ స్క్రూడ్ అప్" సరిపోతుంది. బతుకు కూలిపోయిన మనిషి ఆ మాట అంటే ఇంగ్లీషులోనూ అంత ఘాటు మాటే పడాలి. దాన్ని "ఐ మేడ్ ఎ మిస్టేక్" అని కడిగేస్తే ఆ మనిషి గుండెకోత పాఠకుడికి చేరదు. బూతు పెట్టడం కంటే అదే పెద్ద అన్యాయమని నా నమ్మకం.

సమస్య: క్షమాపణ చెప్పిన వాళ్లు మర్యాద తెలియని వాళ్లయ్యారు

మొదట్లో ఒక కంపెనీ లేఖలో "క్రాసో ఎర్రోర్"ని నేను "క్రాస్ ఎర్రర్" అని రాశాను. ఇంగ్లీషులో "క్రాస్" అంటే సున్నితత్వం లేని, మొరటైన అని. పాపం వాళ్లు చెప్పింది ఘోరమైన పొరపాటు జరిగిందని. దిద్దే ఆవిడ పట్టుకున్నారు కాబట్టి లేఖ అలా వెళ్లలేదు. అక్కడ రాయాల్సింది "గ్రేవ్ మిస్టేక్".

కారణం: శబ్దం ఒకేలా ఉంటే అర్థమూ ఒకటే అనుకోవడం. "ఎకివొకసియోన్" కూడా అంతే. స్పానిష్‌లో అది ఉత్త పొరపాటు, దాన్ని పోలిన ఇంగ్లీషు మాట "ఈక్వివొకేషన్" మాత్రం తప్పించుకునే మాటకారితనం.

పరిష్కారం: తప్పు ఎంత పెద్దదో, ఏ రకంగా పెద్దదో చూడండి. "ఎర్రోర్ గర్రఫాల్" అంటే పరిమాణంలో పెద్దది, "మాన్యుమెంటల్ బ్లండర్" అనొచ్చు. "గర్రఫాల్" అన్నది మామూలు వాటికంటే పెద్దవైన ఒక రకం చెర్రీలకు వాడే మాట, అయినా ఇంగ్లీషులోకి పండ్లను తేవాల్సిన పని లేదు. "ఎర్రోర్ దె బుల్తో" అంటే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది, "గ్లేరింగ్ ఎర్రర్". "గసాపో" మాత్రం రాతలోనో మాటలోనో పరాకున దొర్లే చిన్న తప్పు. దాన్ని "బ్లండర్" చేస్తే పాపం రాసినవాడికి లేని నేరం అంటగట్టినట్టే, "స్లిప్" చాలు.

ఫుట్‌బాల్ వార్తలో గోల్‌కీపర్ "కంతాదా" (మాటకు మాట "పాడినది") అని కనిపిస్తే అందులో పాటేమీ లేదు. చేతిలోకి వచ్చిన బంతిని వదిలేశాడు. ఇంగ్లీషు ఫుట్‌బాల్ భాషలో దానికి సిద్ధంగా ఉన్న మాట "హౌలర్".