మిద్దెతోటలో టమాటా: పూత రాలినా, ఆకు ముడిచినా, కాయ అడుగు మాడినా

మొక్క కాస్త డీలా పడగానే చేయి స్ప్రేయర్ మీదికి పోతుంది. మందు కొట్టేముందు లక్షణం ఎక్కడ మొదలైందో చూడండి. కింది ఆకుల్లో మొదలైతే పోషక లోపమో మచ్చ తెగులో అయి ఉంటుంది. చిగురులో మొదలైతే వైరస్‌నో, రసం పీల్చే పురుగునో అనుమానించాలి. ఆకులు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వాలిపోతే అసలు సమస్య వేరు దగ్గర ఉన్నట్టు. ఈ ఒక్క పరిశీలనతో సగం మందులు కొనే పని తప్పుతుంది.

మొక్క గుబురుగా పెరిగింది, కాయలు లేవు. లేదా కత్తిరించాక కాపు తగ్గింది

రెండింటికీ మూలం ఒకటే: మొక్క రకం తెలియకుండా కత్తిరించడమో, కత్తిరించకుండా వదిలేయడమో. పీకేఎం-1 లాంటి పొట్టి రకాల్లో ప్రతి కొమ్మా కొంత పెరిగి, చివర పూగుత్తి వేసి ఆగిపోతుంది. కాపంతా ఆ పక్క కొమ్మల మీదే ఉంటుంది కాబట్టి పిలకలు గిల్లితే కాయలను గిల్లినట్టే. వీటిలో మొదటి పూగుత్తికి కింద ఉన్న పిలకలు, మట్టిని తాకే ఆకులు తీస్తే చాలు.

చెర్రీ టమాటాల్లో ఎక్కువ శాతం, పందిరికి పాకించే రకాలు అలా కావు. తల పెరుగుతూనే ఉంటుంది, ప్రతి ఆకు సందులోనూ ఒక పిలక లేస్తుంది. వదిలేస్తే నెలన్నరలో ఏది కాండమో ఏది కొమ్మో తెలియదు, కాయలు చిన్నవవుతాయి, గాలి ఆడక తెగులు వస్తుంది. ప్రధాన కాండంతో పాటు మొదటి పూగుత్తికి సరిగ్గా కింద ఉన్న పిలకను ఉంచి, మిగతావి తీసేయండి. ఆ పిలకే అన్నిటికన్నా బలంగా పెరుగుతుంది. 15 అంగుళాల కుండీకి రెండు కాండాలు చాలు.

పిలక రెండు మూడు అంగుళాలు ఉన్నప్పుడే, ఉదయం మంచు ఆరాక, వేళ్లతో పక్కకు వంచండి. టక్కున విరిగి వస్తుంది, గాయం త్వరగా మానుతుంది. చూడకుండా పెన్సిల్ మందం దాటిందంటే మొదలంటా తీయకండి. రెండు ఆకులు ఉంచి తల తుంచేస్తే కాండానికి పెద్ద గాయం కాదు, కాయలకు నీడా మిగులుతుంది. కత్తెర వాడితే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేటప్పుడు స్పిరిట్‌తో తుడవండి. బీడీ, చుట్ట, ఖైనీ ముట్టినవారు సబ్బుతో చేతులు కడుక్కోకుండా టమాటా మొక్కను తాకకూడదు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటాకూ సోకుతుంది.

కాయ మీద తెల్లటి, కాగితంలాంటి పొర

ఆకులు మరీ ఎక్కువ తీసేశారు, నేరుగా పడిన ఎండకు కాయ కాలింది. మన ఎండలకు కాయల పైనున్న ఆకులే గొడుగు, వాటిని ముట్టుకోవద్దు. ఆకులు తీయాల్సి వస్తే కింది నుంచి, వారానికి రెండు మూడు చొప్పున తీయండి. ఇప్పటికే బోసిపోయిన మొక్కకు పడమటి వైపు 50 శాతం షేడ్‌నెట్ కట్టండి.

పూత వస్తుంది, రాలిపోతుంది

రాలబోయే పువ్వును దగ్గరగా చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. పువ్వు పసుపుగానే ఉన్నా ఆ కణుపు దగ్గర కాడ ముందే పాలిపోతుంది, వేలు తగిలితే ఊడిపడుతుంది. గర్భం కట్టని పువ్వును మొక్క అక్కడి నుంచి వదిలించుకుంటుంది.

పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే దిగకపోయినా పుప్పొడి పనిచేయదు. ఏప్రిల్, మే నెలల్లో, రోహిణి కార్తె దాకా, మిద్దె మీద జరిగేది ఇదే. దీనికి టానిక్కులు పోయడం దండగ. నీడ కట్టి, నీళ్లు తగ్గకుండా చూసి, మొక్కను బతికించుకుంటే చల్లబడ్డాక మళ్లీ కాస్తుంది. అసలు మందు నాటే కాలమే: సెప్టెంబరు, అక్టోబరులో నారు పోస్తే పూత చలికాలంలో పడుతుంది.

చలికాలంలోనూ రాలుతుంటే రెండు కారణాలు చూడండి. ఆకులు ముదురు పచ్చగా, కాండం లావుగా ఉంటే నత్రజని ఎక్కువైంది. యూరియా, పశువుల ఎరువు ఆపి, బూడిద వేసేటట్టయితే కుండీకి గుప్పిళ్లకొద్దీ కాదు, ఒక చెంచాడే వేయండి. బూడిద ఎక్కువైతే మట్టి క్షారంగా మారుతుంది. ఇక మూసుకున్నట్టుండే బాల్కనీల్లో గాలీ ఆడదు, తేనెటీగా రాదు. టమాటా పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది గానీ, పుప్పొడి రాలడానికి కదలిక కావాలి. ఉదయం 9 నుంచి 11 మధ్య పూగుత్తి కాడను గోటితో మెల్లగా కొట్టండి, లేదా ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని రెండు సెకన్లు ఆనించండి.

ఆకులు ముడుచుకుంటున్నాయి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ముడత రెండు రకాలు. కింది, నడిమి ఆకులు దొన్నెలా పైకి చుట్టుకుని, ముట్టుకుంటే బిరుసుగా, రంగు మాత్రం పచ్చగానే ఉంటే అది రోగం కాదు. ఎండకో, బెట్టకో, ఒకేసారి ఎక్కువ కత్తిరించినందుకో మొక్క నీటిని కాపాడుకుంటోంది. నీళ్లు సరిచేసి వదిలేయండి. చుట్టుకున్న ఆకు మళ్లీ విచ్చుకోకపోయినా కాపు తగ్గదు.

తల దగ్గరి లేత ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, ముడతలు పడి, మొక్క గిడసబారితే అది ఆకుముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, దీనికి చికిత్స లేదు. మనసు చంపుకుని పీకేయాలి. తెల్లవారుజామున దోమ మందకొడిగా ఉన్నప్పుడు మొక్క మీద కవర్ తొడిగి, మూతి కట్టి, ఆ తర్వాత పీకండి. లేకపోతే దులిపిన దోమంతా పక్క మొక్కలపై వాలుతుంది. మిగతా మొక్కల కోసం పసుపు రంగు జిగురు అట్టలను చిగురు ఎత్తున కట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగైదు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం, ఆకు అడుగు భాగాన పడేలా వారానికోసారి పిచికారీ చేయండి. నారుదశలో సన్నకన్ను నైలాన్ వల కప్పడం వీటన్నిటికన్నా మేలు. ఏటా వస్తుంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ వేసుకోండి. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది.

కాయ అడుగున నల్లటి, అణిగిన మచ్చ

కాల్షియం కాయ అడుగుకు చేరలేదు. చాలాసార్లు మట్టిలో అది ఉంటుంది, చేర్చే నీరే సమంగా అందదు. కాల్షియం నీటితోనే కదులుతుంది. మట్టి ఎండితే ఉన్న కాస్త నీటినీ ఆకులు లాగేసుకుంటాయి, కాయ కొసకు ఏమీ మిగలదు. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ కాపుకు పనికిరావు. ఆకుల మీద కొట్టిన కాల్షియం కాయలోకి వెళ్లదు.

మచ్చ పడిన కాయలు తుంచేయండి. కుండీ 20 లీటర్లకు తగ్గకూడదు. మట్టిలోకి రెండు అంగుళాల లోతున వేలు పెట్టి చూడండి, పొడిగా తగిలితే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. వేసవిలో ఇది రోజుకు రెండుసార్లు అవసరం కావచ్చు. పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. లీటరుకు 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి మొక్క మొదలు దగ్గర పోస్తే రాబోయే కాయలకు ఉపయోగం. మట్టి మీద తెల్లటి పొర కట్టి ఉంటే బోరునీటి లవణాలు కూడా అడ్డుపడుతున్నాయి. వాననీటితో బాగా తడిపి కడిగేయండి.

కాయలు పగలడానికీ కారణం ఇదే: బెట్ట తర్వాత ఒక్కసారిగా పడిన వాన. వాన వచ్చేలా ఉంటే దోరకాయలు ముందే కోసేయండి. వేసవిలో ఎర్రబడక నారింజ రంగులో ఆగిపోయే కాయలకూ ఇదే ఉపాయం. 30 డిగ్రీలు దాటితే ఎర్రదనం ఏర్పడదు కాబట్టి దోరగా కోసి, ఫ్రిజ్‌లో కాకుండా ఇంట్లో చల్లటి చోట పెట్టండి.

కింది ఆకుల మీద వలయాలున్న గోధుమ మచ్చలు

ఆకుమాడు తెగులు. మట్టి చిందడం వల్ల మొదలవుతుంది. నేల నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు తీసి, నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయండి. వానాకాలంలో ఆగకపోతే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టి, ప్యాకెట్ మీద రాసిన గడువు దాటాకే కోయండి.

పచ్చగా ఉండగానే మొక్క వాలిపోయింది

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే ముందు నీరు చూడండి. నీరున్నా రోజూ అదే జరుగుతుంటే వేరు తవ్వి చూడండి. బుడిపెలుంటే నులిపురుగులు. రాత్రికి కూడా లేవకపోతే మొదలు దగ్గర కాండం కోసి, కోసిన కొస గాజు గ్లాసులోని మంచినీటిలో ఆనేలా నిలపండి. కాసేపట్లో పాల తీగలాంటిది కిందికి జారితే బాక్టీరియా ఎండు తెగులు. మొక్కను కంపోస్టులో వేయకండి. ఆ కుండీ మట్టిలో టమాటా, వంగ, మిరప, ఆలుగడ్డ ఏదీ మళ్లీ పెట్టకండి. ఆకుకూరకో, మొక్కజొన్నకో వాడుకోండి. నులిపురుగులైతే ఒక కాలం బంతి వేసి, కుండీకి 200 గ్రాముల వేపపిండి కలిపి, ఆ తర్వాత టమాటా నాటండి.