బఫింగ్ మెషీన్‌తో కారు మీది సాలెగూడు గీతలు తీయడం ఎలా

నల్ల కారు కొన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. నీడలో అద్దంలా మెరుస్తుంది, ఎండలోకి తెస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచేస్తుంటారు చూశారా, చాలావరకు ఆ పుణ్యమే ఇది. దుమ్ము మీద గుడ్డ లాగితే గరుకు కాగితంతో రుద్దినట్టే.

ఈ గీతలు రంగులో కాదు, దాని పైనుండే రంగులేని పొరలో, అంటే క్లియర్ కోట్‌లో ఉంటాయి. ఆ పొర మందం చాలా కార్లకి సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పల్చన. పాలిష్ గీతని పూడ్చదు, దాని అడుగు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీస్తుంది. అరిగింది మళ్లీ రాదు. అందుకే గోరుకి తగిలేంత లోతు గీత కనిపిస్తే దాని జోలికి పోకండి.

ఇంట్లో యాంగిల్ గ్రైండర్ ఉంది కదా, దానికే పాలిష్ పట్టే గుండ్రటి ప్యాడ్ తగిలిద్దాం అనుకుంటే మాత్రం వద్దు. అది నిమిషానికి పదివేల చుట్ల పైనే తిరుగుతుంది, మనకి కావాల్సింది 600 నుంచి 2,000 మధ్య వేగం మార్చుకోగలిగే బఫింగ్ మెషీన్.

ముందు షాంపూతో కడిగి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద నిమరండి. ఉత్త చేతికి తెలియని గరుకు అలా తెలుస్తుంది. ఉంటే సబ్బు నీళ్లు చల్లుతూ క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకుని లాగేసే మట్టి ముద్దతో తీసేయాలి. తర్వాత అంచులకి, రబ్బరుకి, నల్ల ప్లాస్టిక్‌కి మాస్కింగ్ టేప్ వేయండి. ప్లాస్టిక్‌కి కాంపౌండ్ (గరుకు రకం పాలిష్) అంటితే ఆ తెల్ల మరక ఓ పట్టాన వదలదు.

కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లబడి ఉండాలి. ఒక మూల మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్‌తో మొదలుపెట్టి చూడండి, గీతలు పోకపోతేనే గట్టి ప్యాడ్, కాంపౌండ్. ఉన్ని ప్యాడ్ చిట్టచివరి మాట. రెండడుగుల చదరం తీసుకుని, ప్యాడ్ మీద నాలుగు చుక్కలు వేసి, మెషీన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించి అద్దండి, లేకపోతే పాలిష్ గోడల మీద, మీ చొక్కా మీద ఉంటుంది. 600 వేగంలో పాలిష్ పరిచి, 1,200 నుంచి 1,500 దాకా పెంచి, ఒక వరస మీద తర్వాతి వరస సగం పడేలా ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా మెల్లగా జరపండి. ప్యాడ్ చదునుగా ఉండాలి, నొక్కక్కర్లేదు, మెషీన్ బరువే చాలు. వైరు భుజం మీద వేసుకోండి.

చెయ్యి ఎక్కడా ఆగకూడదు. నేను నేర్చుకోవడానికి పాత ఇనుము కొట్లో ఓ డోర్ కొన్నాను, దాని మడత దగ్గర రెండు మూడు సెకన్లు ఆగానో లేదో రంగు కింద వేసే బూడిద రంగు ప్రైమర్ పూత బయటపడింది. అంచుల్లో పొర పల్చగా ఉంటుంది, వేడి అక్కడే చేరుతుంది. అంచు దగ్గర ప్యాడ్ లోపలి నుంచి బయటికి తిరిగేలా పట్టుకోవాలి, బయటి నుంచి అంచుని కొట్టేలా కాదు. ప్లాస్టిక్ బంపర్లు ఇంకా త్వరగా కాలుతాయి. మధ్యమధ్యలో అరచెయ్యి ఆనించి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి వెనక్కి లాక్కునేంత ఉంటే ఆపేయండి. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ని బ్రష్‌తో దులపాలి.

గీతలు పోయాయని సంబరపడకండి. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిస్తే గీతల్ని కప్పేసిన పాలిష్ నూనె పోయి అసలు రంగు బయటపడుతుంది. అప్పుడు టార్చ్ పక్కనుంచి వేయండి. వెలుతురుతో పాటు కదిలే నీడల్లాంటి చారలు కనిపిస్తే అవి ఈ మెషీన్ వదిలినవే, వాటినే హోలోగ్రామ్స్ అంటారు. మెత్తటి ప్యాడ్, అన్నిటికంటే సన్నటి పాలిష్, తక్కువ వేగంతో ఇంకో చుట్టు తిప్పితే పోతాయి. డ్యూయల్ యాక్షన్ మెషీన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం) దొరికితే ఈ ఆఖరి చుట్టు దాంతో చేయడం ఇంకా సుఖం.

పైన వాక్స్ పూసి వదిలేయండి. మా దగ్గర కార్లు తుడిచే అబ్బాయికి నా కారుకి ఇకనుంచి అద్దాలు, టైర్లే తుడవమన్నాను, నెల డబ్బులు మాత్రం తగ్గించలేదు.