వెతికితే రాలేదా? టేబుల్ డ్రాప్ చేసే ముందు ఇవి చూసుకోండి

మార్చి దగ్గర పడితే చాలు, ఇయర్ ఎండ్ లోపల డేటాబేస్‌ని శుభ్రం చేసేద్దామని ప్రతి ఆఫీసులోనూ ఎవరో ఒకరికి ఆలోచన వస్తుంది. తెలిసినవాళ్లు పనిచేసే ఒక కంపెనీలో ఈమధ్య అదే జరిగింది. పేరు చివర ‘ఓల్డ్’ అని ఉన్న టేబుల్ కనిపించింది. ఎవరైనా వాడుతున్నారేమోనని స్టోర్డ్ ప్రొసీజర్లలో, అంటే డేటాబేస్ లోపలే దాచిన కోడ్‌లో, వెతికారు. ఒక్క వరుస కూడా రాలేదు. డ్రాప్ చేసేశారు, అంటే పూర్తిగా తీసేశారు. చాలా రోజులు ఏమీ కాలేదు. నెలాఖరు రాత్రి కమిషన్లు లెక్కగట్టే జాబ్ (టైమ్‌కి దానంతటదే నడిచే పని) పడిపోయింది. ఆ టేబుల్ పేరు ఏ ప్రొసీజర్‌లోనూ లేదు, జాబ్ స్టెప్‌లోనే నేరుగా రాసి ఉంది.

బ్యాకప్ తీసుకోవాలని, ప్రొడక్షన్‌లో ప్రయోగాలు చేయకూడదని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ పనిలో మనుషుల కొంప ముంచేది ఒకటుంది, దాని గురించే చెప్తాను. వెతికితే ఏమీ రాలేదు కాబట్టి ఎవరూ వాడట్లేదు అనుకోవడం. ఖాళీ రిజల్ట్ చెప్పేది ఇంతే: మీరు చూసిన చోట, మీ లాగిన్‌కి కనిపించినంతలో, మీరు టైప్ చేసిన స్పెల్లింగ్‌తో దొరకలేదు.

ఎవరి లాగిన్‌తో వెతుకుతున్నారు?

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ నుంచి మీకు పర్మిషన్ లేని ఆబ్జెక్ట్ (టేబుల్, ప్రొసీజర్ లాంటిది) వాటి జాబితా అయిన సిస్.ఆబ్జెక్ట్స్‌లో కనిపించదు. ఎర్రర్ కూడా రాదు, ఆ వరుసే ఉండదు. కొన్నిసార్లు ఇంకా చిత్రం: ప్రొసీజర్‌ని నడిపే హక్కు ఉంటే పేరు కనిపిస్తుంది కానీ ‘వ్యూ డెఫినిషన్’ హక్కు లేకపోతే సిస్.ఎస్‌క్యూఎల్_మాడ్యూల్స్‌లో దాని కోడ్ ‘నల్’ అని, అంటే ఖాళీగా, వస్తుంది. ‘నల్’లో మీ టేబుల్ పేరు ఎలా దొరుకుతుంది? ఎన్‌క్రిప్షన్ పెట్టి క్రియేట్ చేసిన ప్రొసీజర్లకీ ఇదే గతి. అందుకే ముందు డెఫినిషన్ ‘నల్’ ఉన్నవి ఎన్ని ఉన్నాయో చూడండి. అది సున్నా కానంతవరకు మీ వెతుకులాట పూర్తికానట్టే.

ఒరాకిల్ వాళ్లకైతే డేటాబేస్‌లో ఏమున్నాయో చూపించే వ్యూలు యూజర్ (మీవి), ఆల్ (మీకు హక్కున్నవి), డీబీఏ (అన్నీ) అని మూడు రకాలు ఉన్నాయి. ఆల్_సోర్స్‌లో చూసి సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. ఎగ్జిక్యూట్ హక్కు మాత్రమే ఉంటే ప్యాకేజీ (ప్రొసీజర్ల కట్ట) పైభాగమైన స్పెసిఫికేషన్ కనిపిస్తుంది, బాడీ కనిపించదు. అసలు కోడ్ అంతా ఉండేది బాడీలోనే కదా. డీబీఏ_సోర్స్ మీద హక్కు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే ఆ హక్కు ఉన్నవాళ్ల చేత వెతికించండి. ‘ర్యాప్’ చేసిన కోడ్ ఏ లాగిన్‌కీ చదవడానికి రాదు, దాని ఒరిజినల్ ఫైల్ తెప్పించుకోవాలి.

ఏం టైప్ చేస్తున్నారు?

కోట్స్ లేకుండా క్రియేట్ చేసిన పేర్లని ఒరాకిల్ పెద్ద అక్షరాల్లో దాచుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ చిన్న అక్షరాల్లో దాచుకుంటుంది. ఒరాకిల్ డిక్షనరీలో (పైన చెప్పిన వ్యూలన్నీ కలిపి) చిన్న అక్షరాలతో వెతికి ‘లేదు’ అని సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు ఉన్నారు. సోర్స్ కోడ్ మాత్రం రాసినవాళ్లు ఎలా రాస్తే అలాగే ఉంటుంది. కాబట్టి రెండు వైపులా ‘అప్పర్’ (అన్నిటినీ పెద్ద అక్షరాలు చేసేది) పెట్టి పోల్చండి. ఒరాకిల్ సోర్స్ వ్యూల్లో ఆ కోడ్ వరుసకి ఒక లైన్ చొప్పున ఉంటుంది, ‘ఇన్‌సర్ట్ ఇంటూ’ ఒక లైన్‌లో, టేబుల్ పేరు కింది లైన్‌లో ఉంటే రెండూ కలిపి వెతికితే దొరకవు.

నమూనాతో వెతికే ‘లైక్’‌లో అండర్‌స్కోర్ అంటే ఏదో ఒక అక్షరం అని అర్థం. దీనివల్ల తక్కువ కాదు, ఎక్కువ వస్తాయి. నష్టం లేదనుకోకండి. వందల వరుసలు చూసి విసిగిపోయి కింద ఉన్నవి చదవకుండా వదిలేస్తారు. అండర్‌స్కోర్‌ని అండర్‌స్కోర్‌గానే చూడమని చెప్పే ‘ఎస్కేప్’ వాడండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇన్ఫర్మేషన్_స్కీమా.రొటీన్స్‌తో కోడ్ వెతకవద్దు. అందులో కోడ్ మొదటి 4,000 అక్షరాలే ఉంటాయి. పాత సిస్‌కామెంట్స్ అయితే కోడ్‌ని 4,000 అక్షరాల ముక్కలుగా కోస్తుంది, మీ టేబుల్ పేరు సరిగ్గా ఆ కోత దగ్గర పడితే రెండు ముక్కల్లోనూ దొరకదు. ఇంటర్నెట్‌లో తిరిగే పాత స్క్రిప్టుల్లో చాలా ఇంకా వీటి మీదే నడుస్తుంటాయి.

అన్నిటికంటే పెద్ద గుంట డైనమిక్ ఎస్‌క్యూఎల్, అంటే నడిచేటప్పుడు అప్పటికప్పుడు తయారయ్యే కోడ్. సేల్స్_2019, సేల్స్_2020 అని ఏడాదికో టేబుల్ ఉందనుకోండి. కోడ్‌లో ‘సేల్స్_’ అనే ముక్క పక్కన సంవత్సరాన్ని అతికించి పేరు తయారుచేస్తారు. సేల్స్_2019 అని పూర్తి పేరుతో వెతికితే జన్మలో దొరకదు. ఏది దేన్ని వాడుతోందో చూపించే డిపెండెన్సీ వ్యూలు కూడా దీన్ని పట్టుకోలేవు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్.ఎస్‌క్యూఎల్_ఎక్స్‌ప్రెషన్_డిపెండెన్సీస్‌కీ తెలియదు, ఒరాకిల్‌లో డీబీఏ_డిపెండెన్సీస్‌కీ తెలియదు. పేరుని ముక్కలు చేసి ఒక్కో ముక్కతో వెతకండి. ‘ఎగ్జిక్యూట్ ఇమీడియట్’, ‘ఎస్‌పీ_ఎగ్జిక్యూట్‌ఎస్‌క్యూఎల్’ (డైనమిక్ ఎస్‌క్యూఎల్‌ని నడిపేవి ఇవే) ఉన్న ప్రొసీజర్ల జాబితా తీసి కళ్లతో చదవండి. బోర్ కొడుతుంది, చదవండి. ఆ పేర్లు ఇంకో టేబుల్‌లో డేటాగా ఉండి, కోడ్ అక్కణ్నుంచి తీసుకునే ఏర్పాటు ఉంటే ఆ కాన్ఫిగరేషన్ టేబుళ్లలోనూ వెతకాలి.

ఇంకోటి, డ్రాప్ చేస్తే ఎర్రర్ రాలేదు కదా అని ధైర్యపడతారు. అది కూడా వెతికితే రాలేదు అనుకోవడం లాంటిదే. ఎస్‌క్యూఎల్ సర్వర్ డ్రాప్‌ని ఆపేది ఫారిన్ కీ (ఇంకో టేబుల్ దీనికి కట్టుకున్న లింక్), స్కీమా బైండింగ్ (వ్యూ లాంటిది దీనికి గట్టిగా కట్టుకోవడం) లాంటివి ఉన్నప్పుడే. వంద ప్రొసీజర్లు ఆ టేబుల్‌ని వాడుతున్నా నోరు మెదపదు. పోస్ట్‌గ్రెస్ వ్యూ ఉంటే ఆపుతుంది కానీ కోడ్‌ని మామూలుగా కోట్స్ మధ్య స్ట్రింగ్‌గా రాసిన ఫంక్షన్ లోపల ఏముందో దానికి పట్టదు.

వాడకం లెక్కలతోనూ ఇదే మోసం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వాడకం లెక్కలు చూపించే ఇండెక్స్ యూసేజ్ డీఎంవీలో ఏమీ లేదు కాబట్టి ఎవరూ ముట్టుకోవట్లేదు అంటారు. సర్వర్ రీస్టార్ట్ అయితే ఆ లెక్కలు చెరిగిపోతాయి. పోయిన వారం ప్యాచ్ వేసి రీస్టార్ట్ చేశారనుకోండి, మీ దగ్గర వారం లెక్కే ఉంది. మార్చి 31న మాత్రమే నడిచే రిపోర్ట్ అందులో ఎలా కనిపిస్తుంది?

ఇక మిగిలినవి వరసగా చెప్తాను.

ముందు మీ సెర్చ్‌ని పరీక్షించండి. ఎక్కడెక్కడ వాడుతున్నారో మీకు కచ్చితంగా తెలిసిన టేబుల్ పేరు ఒకటి పెట్టి అదే స్క్రిప్ట్ నడపండి. దానికీ సున్నా వస్తే తప్పు స్క్రిప్ట్‌దే.

ఏ సర్వర్, ఏ డేటాబేస్ మీద ఉన్నారో క్వెరీతో చూసుకోండి. విండో టైటిల్‌ని నమ్మకండి.

సిస్.ఆబ్జెక్ట్స్ ఒక్క డేటాబేస్‌కే. అన్ని డేటాబేస్‌లలో నడపండి. డీడీఎల్ ట్రిగ్గర్లు (టేబుల్ లాంటివి మార్చినప్పుడు దానంతటదే నడిచే కోడ్) అందులో ఉండవు, సిస్.ట్రిగ్గర్స్‌లో చూడండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఏజెంట్ జాబ్ స్టెప్‌లు ఎంఎస్‌డీబీ అనే డేటాబేస్‌లో ఉంటాయి. విడిగా వెతకండి. ఒరాకిల్‌లో షెడ్యూలర్ జాబ్‌లు, పాత డీబీఏ_జాబ్స్ రెండూ. మైఎస్‌క్యూఎల్‌లో ఈవెంట్స్.

సినానిమ్‌లు (టేబుల్‌కి పెట్టిన మారుపేర్లు) చూడండి. కోడ్‌లో సినానిమ్ పేరే ఉంటుంది, టేబుల్ పేరు ఉండదు. సినానిమ్ దొరికితే మళ్లీ దాని పేరుతో మొదటి నుంచి వెతకండి.

లింక్డ్ సర్వర్, డీబీ లింక్ ద్వారా బయటినుంచి వచ్చేవాళ్లు మీ డిక్షనరీలో కనిపించరు. అవతలి టీమ్‌ని అడగండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో.

అప్లికేషన్ కోడ్, రిపోర్టులు, డేటా మోసే ఎస్‌ఎస్‌ఐఎస్ ప్యాకేజీలు, ఫైనాన్స్ వాళ్ల ఎక్సెల్ షీట్లు. ముఖ్యంగా ఎక్సెల్ షీట్లు.

టెస్ట్ సర్వర్‌లో వెతికింది లెక్కలోకి రాదు. ప్రొడక్షన్‌లో ఎవరో రాత్రికి రాత్రి నేరుగా పెట్టిన ప్రొసీజర్ టెస్ట్‌లో ఉండదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఫోల్డర్ పక్కన ‘ఫిల్టర్డ్’ అని ఉందేమో చూడండి. ఉంటే తీసేసి రిఫ్రెష్ కొట్టండి.

డ్రాప్ కాదు, రీనేమ్. ఎవరైనా అరిస్తే ఒక్క కమాండ్‌తో వెనక్కి తేవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం రీనేమ్ చేసినా వ్యూలు పనిచేస్తూనే ఉంటాయి, అది చూసి మోసపోకండి.

ఒరాకిల్‌లో రీనేమ్ చేశాక ‘ఇన్‌వాలిడ్’ అయినవి చూడండి. ఏదీ ఇన్‌వాలిడ్ కాలేదా? డైనమిక్ ఎస్‌క్యూఎల్ వాడే ప్యాకేజీ వాలిడ్‌గానే ఉంటుంది. మళ్లీ అదే మాట: కనిపించలేదంటే లేదని కాదు.

రీనేమ్ చేసినదాన్ని నెలాఖరు, క్వార్టర్ ఎండ్, మార్చి 31 మూడూ దాటేదాకా ముట్టుకోవద్దు. డిస్క్ నిండిపోతోందంటే డిస్క్ కొనమనండి.

గ్రాంట్లు (ఎవరికి ఏ హక్కు ఇచ్చారో), ఇండెక్స్‌లు, ట్రిగ్గర్లు స్క్రిప్ట్ తీసి పెట్టుకోండి. డేటా వెనక్కి వచ్చినా గ్రాంట్లు లేకపోతే జాబ్ మళ్లీ పడిపోతుంది.

ఎర్రర్ నోరు మూయించడానికి, ఆధారపడ్డవాటినీ తీసేసే ‘క్యాస్కేడ్’ తగిలించకండి. ఒరాకిల్‌లో రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా తీసేసే ‘పర్జ్’ అసలే వద్దు, రీసైకిల్ బిన్‌ని ఉండనివ్వండి.

శుక్రవారం సాయంత్రం వద్దు. నెల చివరి వారం వద్దు.

వెతికినవాళ్లు ఒకరు, డ్రాప్‌కి ఓకే చెప్పేవాళ్లు ఇంకొకరు ఉండాలి. రెండోవాళ్లు అడగాల్సింది ‘వచ్చిందా’ అని కాదు, ‘ఎక్కడెక్కడ, ఏ లాగిన్‌తో వెతికావు’ అని. ఆ జాబితా రాసి ఇవ్వకపోతే సంతకం పెట్టకండి.