ఫాల్ కుట్టు చీర పైకి కనిపిస్తుంటే: కారణాలు, సవరణలు

పాటూరు, వెంకటగిరి వంటి సన్న నూలు చీరల మీద చేతికుట్టు దాగడం కష్టం. ముతక బట్ట అయితే దారాన్ని తనలో ఇముడ్చుకుంటుంది గాని, ఈ నేతలో ఒక్క పోగు అటూ ఇటూ జరిగినా ఆ జాడ పైకి తెలుస్తుంది. ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపలి వైపు వేసే బట్ట పట్టీ. దాని కింది అంచును మిషన్ మీద కుట్టించినా, పై అంచును మాత్రం చేత్తోనే హెమ్మింగ్ చేయాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ వరుస కుచ్చిళ్ల మీద అందరికీ ఎదురుగా పడుతుంది.

ఆ కుట్టు పద్ధతి ఇది. ఫాల్ పై అంచును పావు అంగుళం లోపలికి మడిచి, సూదిని ఆ మడత లోపలే సుమారు పావు అంగుళం నడిపించి, అది బయటికి వచ్చిన చోటికి సరిగ్గా ఎదురుగా చీరలో ఒకటి రెండు పోగులను మాత్రమే పట్టి, మళ్లీ మడతలోకి పంపాలి. దారం పొడవంతా మడతలోనే ఉండిపోవాలి. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే చీరను తిరగేసి, పగటి వెలుతురులో పై వైపు చూడాలి. ట్యూబ్‌లైటు కింద రంగుల తేడా సరిగా తెలియదు.

పైన వరుసగా చుక్కలు కనిపిస్తున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే లోపం ఇదే. దీనికి కారణాలు వేరువేరుగా ఉంటాయి కనుక ముందు చుక్కను పరిశీలించాలి. రంగు కలిసి ఉండి చుక్క పెద్దదిగా ఉంటే, సూది ఎక్కువ పోగులను పట్టిందని గాని, దారాన్ని రెండు పేటలుగా వాడారని గాని అర్థం; ఆ వరుస విప్పి, ఒంటి పేటతో మళ్లీ కుట్టాలి. చుక్క చుట్టూ చిన్న రంధ్రం ఉంటే సూది లావైంది. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది కాబట్టి, ఇటువంటి చీరలకు 9 లేదా 10 నంబరు సూదిని తీసుకోవాలి. గంజి పెట్టిన కొత్త చీరలో పడిన రంధ్రాలు చాలావరకు మొదటి ఉతుకులో సర్దుకుంటాయి.

చుక్క చిన్నదే అయినా తెల్లగా మెరుస్తుంటే అది దారం రంగు లోపం. ఉండగా చుట్టి ఉన్నప్పుడు కనిపించే రంగు ఒకటి, ఒంటి పేటగా కనిపించే రంగు మరొకటి. విడి పేట లేతగా కనిపిస్తుంది. అందువల్ల నెల్లూరు చిన్నబజారులో దారం కొనేటప్పుడు చీరను వెంట తీసుకువెళ్లి, ఒక పేటను లాగి బట్ట మీద పరిచి చూడాలి. సరిగ్గా కలిసే రంగు దొరకకపోతే లేతదాని కంటే ఒక ఛాయ ముదురుదే మేలు. ఫాల్ రంగును బట్టి దారం ఎంచుకోవడం మాత్రం పొరపాటు. చీర అంచు చిన్నదైతే ఫాల్ పై అంచు చీర ఒంటి మీదికి వస్తుంది, పెద్దదైతే చీర అంచు మీదే ఆగుతుంది. కుట్టు ఎక్కడ పడుతుందో అక్కడి రంగే దారానికి ఉండాలి. అక్కడ జరీ ఉంటే జరీ పోగును సూదితో గుచ్చకూడదు, దాని మీది చుట్టు విడిపోతుంది. పక్కనున్న నూలు లేదా పట్టు పోగును పట్టాలి.

ప్రతి కుట్టు దగ్గరా చిన్న గుంట పడుతోంది

దారం బిగుతుగా లాగడం వల్ల ఇలా జరుగుతుంది. దారం మడతలో ఆనితే చాలు, బిగించనక్కరలేదు. జానెడు కుట్టిన ప్రతిసారీ అరచేత్తో వరుసను నిమిరితే ఎక్కువైన బిగువు సర్దుకుంటుంది. సూది బయటికి వచ్చిన చోటికి ఎదురుగా కాక కాస్త ముందో వెనకో పోగు పట్టినా కుట్టు ఏటవాలుగా లాగి ఇటువంటి గుంటే పడుతుంది. అప్పుడు నిమిరినా లాభం లేదు, విప్పి కుట్టవలసిందే.

ఉతికిన తరువాత అంచంతా ముడుచుకుపోయింది

కుట్టులో లోపం లేదు. తడపకుండా కుట్టిన నూలు ఫాల్ ఉతుకులో కుదించుకుపోయి చీరను తనతో లాక్కుంది. ఇస్త్రీతో ఇది పోదు. ఫాల్ మొత్తం విప్పి, నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ వేయాలి. కుట్టే ముందు చీరను బల్ల మీద పరిచి, ఫాల్‌ను సాగదీయకుండా పొడవాటి టాకాలతో (తరువాత తీసేసే తాత్కాలిక కుట్లతో) నిలిపితే రెండూ సమానంగా ఉంటాయి.

కుట్టు తెగి ఫాల్ వేలాడుతోంది

లోపలి వైపు దారం మడతలో దాగకుండా పైన పొడవుగా ఉంటే మెట్టెలకూ పట్టీలకూ తగులుకుని తెగుతుంది, ఒక చోట తెగితే మూరెడు మేర ఊడుతుంది. ప్రతి జానెడుకూ మడతలోనే సూదిని వెనక్కి తెచ్చి రెండు చిన్న కుట్లు వేసి ముందుకు సాగితే నష్టం అక్కడితో ఆగుతుంది. ముడి కూడా మడత లోపలే ఉండాలి.

దారం మాటిమాటికీ చిక్కుపడుతుంటే పొడవు ఎక్కువైనట్టు. మూరెడుకు మించి తీయవద్దు. మన ఉక్కపోతకు చేతి చెమట తగిలి సూది తుప్పు పడుతుంది కాబట్టి, పని మధ్యలో లేచినా సూదిని చీరలో గుచ్చి వదలకూడదు.

కుట్లన్నీ దాగినా మడత గీత పైకి తేలితే అది ఇస్త్రీ అచ్చు. చీర పై వైపు నుంచి కాకుండా లోపలి వైపు నుంచి, మీద పలుచని నూలు బట్ట పరిచి, పెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి ఆనించాలి.