ఆక్టిన్ దారాలకు ఫాలాయిడిన్ రంగు: అసలు పని ఫిక్సింగ్ దగ్గరే

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఆక్టిన్ (సెల్‌కి ఆకారమిచ్చే దారాల ప్రోటీన్) స్టెయినింగ్ ఎంచుకున్నవాళ్లు అందరూ రంగు గురించే టెన్షన్ పడతారు. రంగు వేయడం తేలికే. స్లైడు పాడయ్యేది ఎక్కువగా అంతకుముందే, సెల్స్‌ని ఫిక్స్ చేసేటప్పుడు, అంటే రసాయనంతో ఉన్నవి ఉన్నట్టు నిలిపేటప్పుడు.

ఫాలాయిడిన్ అనేది అమానిటా ఫాలాయిడెస్ అనే విషపు పుట్టగొడుగులో ఉండే పదార్థం. విడి ఆక్టిన్‌ని వదిలేసి, దారంగా అల్లుకున్న ఆక్టిన్‌నే పట్టుకుంటుంది, యాంటీబాడీ అక్కర్లేదు. దీనికి మెరిసే రంగు తగిలించి వాడతాం. విషమే కాబట్టి గ్లౌజులు తప్పనిసరి.

కవర్‌స్లిప్ (పలుచని గాజు ముక్క) మీద పెరిగిన సెల్స్‌ని గోరువెచ్చని పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం)తో మెల్లగా కడిగి, ఫ్యూమ్ హుడ్‌లో 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 10-15 నిమిషాలు ఉంచండి. ఇది తాజాగా ఉండాలి. ఫ్రీజర్‌లో దాచినా, కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టిన ట్యూబుని నమ్మొద్దు. మిథనాల్‌తో మాత్రం ఫిక్స్ చేయకండి, దారాల ఆకారం చెడిపోయి ఫాలాయిడిన్ సరిగా అంటుకోదు. మరి ఫాలాయిడిన్ స్టాకే మిథనాల్‌లో వస్తుంది కదా అంటారా? అప్పటికి సెల్స్ ఫిక్స్ అయిపోయి ఉంటాయి, పైగా దాన్ని బాగా పలుచన చేస్తాం, ఫరవాలేదు.

మూడుసార్లు కడిగి, 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (సెల్ పొరకు రంధ్రాలు చేసే డిటర్జెంట్) ఐదు నిమిషాలు, మళ్లీ కడిగి 1 శాతం బీఎస్‌ఏ (రంగు అనవసరమైన చోట అంటకుండా ఆపే ప్రోటీన్) అరగంట ఉంచండి. తర్వాత సీసా మీద చెప్పిన పాళ్లలో కలిపిన ఫాలాయిడిన్, చీకట్లో 20-30 నిమిషాలు. ఖరీదైనది కాబట్టి పారాఫిల్మ్ (మైనపు పొర) మీద 50 మైక్రోలీటర్ల చుక్క వేసి కవర్‌స్లిప్‌ని సెల్స్ వైపు కిందికి బోర్లించండి. మన మే నెల ఎండల్లో, ఏసీ లేని ల్యాబులో ఆ చుక్క ఆరిపోతుంది, అందుకే తడి టిష్యూ పెట్టిన పెట్రీ డిష్‌లో మూతపెట్టి ఉంచాలి. కడిగి, కేంద్రకానికి డాపీ అనే నీలి రంగు వేసి స్లైడు మీద మౌంట్ చేయండి.

రంగు వేయని కవర్‌స్లిప్ ఒకటి పక్కన ఉంచుకుని రెండింటినీ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఫోటో తీయండి, లేకపోతే సెల్స్‌కి సహజంగా ఉండే మెరుపుని ఆక్టిన్ అనుకునే ప్రమాదం ఉంది.

బతికున్న సెల్స్‌లో చూడాలంటే ఇది పనికిరాదు. ఫాలాయిడిన్ లోపలికి సరిగా వెళ్లదు, వెళ్లినా దారాలని విడిపోనివ్వదు, బతికున్న సెల్స్‌కి లైఫ్‌యాక్ట్ (ఆక్టిన్‌కి అంటుకునే చిన్న పెప్టైడ్) లాంటివి వాడతారు.

ఇంకొకటి, రిపోర్టు రాసేటప్పుడు జాగ్రత్త. ఒక్క ఆక్టిన్ దారం మందం 7 నానోమీటర్లే, మామూలు మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నవాటిని విడదీయలేదు. కాబట్టి మీకు కనిపించే మెరిసే గీతల్లో చాలావరకు దారాల కట్టలే, వాటిని ‘ఒక ఫిలమెంట్’ అని రాయకండి.