లాక్‌డౌన్‌లో గది తలుపేసుకున్న పిల్లలతో మాట్లాడటం ఎలా?

ఇంటర్, డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలున్న ఇళ్ల కోసం రాస్తున్నాను. కోవిడ్ రోజుల్లో నాకు ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఫోన్లలో చాలావాటిది ఒకటే వరస: "సార్, వీడు గదిలోంచి బయటికి రావట్లేదు. మీరు కాస్త గట్టిగా చెప్పండి." గట్టిగా చెప్తే తలుపు తెరుచుకున్న ఇల్లు నేను ఒక్కటీ చూడలేదు. అయినా అందరూ మొదట చేసేది అదే. మళ్లీ ఏ జబ్బో వచ్చి కాలేజీలు మూతపడినా, ఇంట్లో ఒకరికి పాజిటివ్ వచ్చి వారం పది రోజులు అందరూ లోపలే ఉండిపోవాల్సి వచ్చినా కింద చెప్పినట్టు చేయండి. వరస మాత్రం మార్చకండి.

కావాల్సినవి

తన ఫోన్ తాను పక్కన పెట్టగలిగే ఒక పెద్దమనిషి. ఒక గంట తీరిక. చేతులకు ఏదో ఒక పని, అంటే వేరుశనక్కాయలు ఒలవడమో, చిక్కుడుకాయలు ఈనెలు తీయడమో. 14416 నంబరు ఫోన్‌లో సేవ్ చేసి ఉండాలి. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడటానికి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మొదట ఇల్లు సర్దండి

టీవీ కట్టేయండి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి చాలా ఇళ్లలో పొద్దున లేస్తే కేసుల లెక్కలు, రాత్రి పడుకోబోతే మరణాల లెక్కలు. వార్తలు రోజుకు ఒక్కసారి, పగటిపూట చూస్తే చాలు. రాత్రి పొద్దుపోయాక అసలు వద్దు.

నిద్ర సంగతి. ఆ వయసులో శరీరం సహజంగానే ఆలస్యంగా నిద్రకు సిద్ధమవుతుంది. అది సోమరితనం కాదు. అయిదింటికి లేపి చదవమనకండి. ఎనిమిదింటికి లేచినా సరే, రోజూ అదే వేళకు లేస్తే చాలు. సాయంత్రం మేడ మీద అరగంట నడక. యోగా వీడియోలు పెట్టి ముందు కూర్చోబెట్టడం కంటే ఇదే మేలు. ఎందుకంటే నడిచేటప్పుడు ఎవరూ ఎవర్నీ సరిదిద్దరు. గోడకు టైంటేబుల్ అంటించకండి. దాన్ని తప్పిన ప్రతి గంటా వాళ్లను తప్పుచేసినవాళ్లను చేస్తుంది.

తర్వాత వారం రోజులు ఊరికే గమనించండి

దిగులంటే ఏడుపే అనుకుంటారు చాలామంది. ఈ వయసులో అది ఎక్కువగా చిరాకు రూపంలో వస్తుంది. చిన్న మాటకు విరుచుకుపడటం, ప్లేటు విసురుగా తోసేయడం. కడుపునొప్పి, తలనొప్పి అంటూ ఉండటం, పరీక్షలు చేయిస్తే అన్నీ మామూలుగానే ఉండటం. ఇష్టంగా ఆడే ఆట, గీసే బొమ్మలు, వాగే స్నేహితులు, అన్నీ వదిలేయడం. ఇలా రెండు వారాలకు పైగా రోజూ ఉంటే అది మూడ్ బాగోకపోవడం కాదు, డాక్టరుకు చూపించాల్సిన విషయం.

ఆడపిల్లల విషయంలో ఒక మాట అదనంగా చెప్పాలి. కాలేజీ మూసేయగానే ఇంటిపని మొత్తం వాళ్ల మీద పడిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ అన్నయ్య ఆన్‌లైన్ క్లాసుకు పోతే చెల్లెలు పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ పిల్ల తలుపేసుకోదు. వంటింట్లోనే ఉంటుంది, అన్నీ చేస్తుంది, ఎవరికీ కనిపించదు. అల్లరి చేయని పిల్లను "మా అమ్మాయికేం, బంగారం" అని వదిలేయకండి.

ఎవరు మాట్లాడాలి, ఎక్కడ మాట్లాడాలి

తల్లో తండ్రో అయితే మంచిదే. కానీ మార్కుల గురించి ఎక్కువ గొడవ ఎవరితో పడిందో వాళ్లు వద్దు. పిన్ని, మేనమామ, పెద్దమ్మ కొడుకు, ఎవరితో చనువుంటే వాళ్లు. వేరే ఊళ్లో ఉంటే ఫోన్‌లో అయినా ఫర్వాలేదు. ఒక్కరే మాట్లాడాలి. నలుగురు చుట్టూ చేరితే అది పంచాయితీ అవుతుంది.

ఎదురెదురుగా కూర్చోకండి. పక్కపక్కన కూర్చోండి. చేతిలో పని ఉండాలన్నది అందుకే. శనక్కాయలు ఒలుస్తుంటే కళ్లు పళ్లెం మీద ఉంటాయి, మాట సులువుగా వస్తుంది. రాత్రి భోజనాలయ్యాక, మేడ మీద. భోజనం చేస్తుండగా మాత్రం ఎప్పుడూ ఎత్తకండి, ముద్ద గొంతు దిగదు.

అసలు కష్టం ఇక్కడే: మొదటి మాట, ఆ తర్వాతి ప్రశ్న

పైన చెప్పినవన్నీ ఎవరైనా చేస్తారు. చెడగొట్టేది ఇక్కడే. కాబట్టి దీన్ని రెండుసార్లు చదవండి.

మొదటి మాట ప్రశ్న కాకూడదు. "ఏమైంది నీకు?" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. మీరు కళ్లారా చూసింది చెప్పండి, అంతే. ఇలా: "కన్నా, ఈమధ్య అన్నం సగంలో వదిలేస్తున్నావు. రాత్రి మూడింటికి కూడా నీ గదిలో లైటు వెలుగుతోంది. చెప్పాలనిపిస్తే చెప్పు, వింటాను." ఇక ఆగిపోండి. నిశ్శబ్దం వస్తుంది. అది మీకు భరించలేనంత పొడుగ్గా అనిపిస్తుంది. నూటికి తొంభై మంది పెద్దవాళ్లు సరిగ్గా అక్కడ నోరు తెరిచి సలహా మొదలుపెడతారు. వద్దు. శనక్కాయలు ఒలుస్తూ ఉండండి. ఆ రాత్రి ఏమీ చెప్పకపోయినా నష్టం లేదు. మర్నాడో ఆ మర్నాడో తనే వచ్చి పక్కన కూర్చుంటే పని జరిగినట్టే.

మాట మొదలయ్యాక కొన్ని వాక్యాలు మీ నోటి వెంట రాకూడదు. "నీకేం తక్కువ చేశాం?" అన్నారంటే సంభాషణ అక్కడితో సరి. "అందరికీ ఇదే కదా, నీ ఒక్కడికేనా?" అంటే తన బాధ చెప్పుకునే అర్హత కూడా లేదని అర్థం చేసుకుంటాడు. "మా రోజుల్లో అయితే..." అసలు వద్దు. మీ రోజుల్లో పరీక్షలు ఉంటాయో లేవో తెలియకుండా ఏడాది గడవలేదు. తెలంగాణలో 2021 సంగతే చూడండి. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలను పరీక్ష లేకుండా పై తరగతికి పంపారు. తర్వాత రెండో సంవత్సరంలో ఉండగా అక్టోబరులో మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. డిసెంబరులో ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. గొడవ జరిగాక మిగతా అందరికీ 35 మార్కులు వేసి పాస్ చేశారు. పదో తరగతి పరీక్షలు కూడా పూర్తిగా రాయకుండా 2020లో పాసై వచ్చిన పిల్లలు వాళ్లు. మీరు ఎంత చెప్పినా మీ రోజులకూ వాళ్ల రోజులకూ పోలిక కుదరదు.

మోటివేషన్ వీడియోలు పంపడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పంపిన "కష్టాల్లోనే వజ్రం మెరుస్తుంది" అనే వీడియోను పిల్లాడికి పంపి తమ పని అయిపోయిందనుకుంటారు. ఆ పిల్లాడికి అందేది ఒకటే కబురు: మా నాన్నకు నాతో మాట్లాడే తీరిక లేదు. వీడియో వద్దు. మీరు పక్కన కూర్చోండి.

ఇప్పుడు ఆ ప్రశ్న. "నేను ఉన్నా లేకపోయినా ఒకటే", "మీకందరికీ భారమైపోయాను", "నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు" లాంటి మాట ఒక్కటి విన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, ఎన్నాళ్లో కుమిలిపోయిన పిల్ల కారణం లేకుండా ఉన్నట్టుండి నెమ్మదించినా, సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా, అమ్మా?"

ఈ మాట నోటితో అనడానికి మన ఇళ్లలో భయం. పైన తథాస్తు దేవతలుంటారు, చెడ్డమాట అనకూడదు అంటారు పెద్దలు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చదువుకున్నవాళ్లు కూడా భయపడతారు. అది నిజం కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఈ విషయం మీద పనిచేసే డాక్టర్లందరూ అడగమనే చెప్తారు. ఆ ఆలోచన ఉన్న పిల్లలకు అది ఒంటరిగా మోసే బరువు, ఒకరు పేరు పెట్టి అడిగితే కాస్త దిగుతుంది. చుట్టూ తిప్పి అడగకండి. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే కాదనే జవాబును మీరే వాళ్ల నోట్లో పెట్టినట్టు. గొంతు మామూలుగా ఉంచి, జ్వరముందా అని అడిగినట్టే అడగండి.

లేదు అంటే, "ఎప్పుడైనా అనిపిస్తే ఏ రాత్రయినా నన్ను లేపు" అని చెప్పి వదిలేయండి. అవును అంటే, లేదా తల వంచుకుని ఊరుకుంటే, మీరు చేయకూడని పనులు మూడు. ఒకటి, కేకలు పెట్టి ఇల్లంతా పోగేయడం. రెండు, "నా మీద ఒట్టు వెయ్" అని చేయి పట్టుకుని తల మీద పెట్టుకోవడం. మన దగ్గర అందరూ చేసేది ఇదే. దాంతో జరిగేది ఒకటే, ఆ పిల్లాడు ఆ తర్వాత మీకు ఇంకేమీ చెప్పడు. ఎందుకంటే చెప్తే మీ మీద వేసిన ఒట్టు తప్పినట్టు. మూడు, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వడం. అలా కాకుండా ఇలా అనండి: "చెప్పి మంచి పని చేశావు. నిన్ను ఒక్కణ్నీ వదలను. మనకు సాయం చేసేవాళ్లతో కలిసి మాట్లాడదాం."

ఆ తర్వాత పనులు చకచకా జరగాలి. ఆ రాత్రి ఎవరో ఒకరు అదే గదిలో పడుకోవాలి. ఇంట్లో మాత్రలకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. పొలానికి తెచ్చిన పురుగుమందును పొరుగువారింట్లో పెట్టినా సరే, మీ ఇంట్లో మాత్రం ఉండకూడదు. ఆ గడియలు చాలా తొందరగా వచ్చి తొందరగా పోతాయి. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. 14416కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వాళ్లు దగ్గర్లో ఎక్కడ చూపించాలో కూడా చెప్తారు. ప్రమాదం ఆ క్షణంలోనే ఉందనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా 108కి చేయండి. భూతవైద్యుడి దగ్గరికి, తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్లి రోజులు పోగొట్టకండి.

సైకియాట్రిస్టు అంటేనే పిల్లలూ పెద్దలూ వెనకాడతారని తెలుసు. యునిసెఫ్ 2021 నివేదిక కోసం 21 దేశాల్లో సర్వే చేస్తే, మనసు బాగోలేనప్పుడు ఎవరి సాయమైనా తీసుకోవడం మంచిదని సగటున 83 శాతం యువత చెప్పారు. మన దేశంలో అలా అన్నది 41 శాతమే. మిగతావాళ్లు తమంతట తాము అడగరు. అందుకే అడగాల్సింది పెద్దవాళ్లు.

ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే

2021 ఏప్రిల్, మే నెలల్లో తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లిన అంబులెన్సు వెనక తలుపు మూసుకోవడమే ఆఖరి చూపైన పిల్లలు ఎందరో. ముఖం చూడలేదు, పదకొండో రోజు కార్యానికి చుట్టాలు రాలేదు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పట్లో 10 లక్షల రూపాయల డిపాజిట్ ప్రకటించింది. ఆ సాయం అవసరమే. కానీ ఆ పిల్లలకు చనిపోయినవాళ్ల గురించి మాట్లాడే మనిషి కూడా కావాలి. "గుర్తుచేస్తే ఏడుస్తాడు" అని ఫొటోలు దాచేయకండి. ఏడవనివ్వండి. నెలలు గడిచాక అయినా సరే, అందరూ కలిసి ఒకచోట కూర్చుని ఆయన గురించి చెప్పుకోండి. ఆయనకు ఇష్టమైన కూర వండండి. "నువ్వే ఇక ఇంటికి పెద్ద దిక్కు" అని పదహారేళ్లవాడి భుజం తట్టడం మాత్రం మానుకోండి. అది ధైర్యం చెప్పడం కాదు, వాడి ఏడుపును ఆపేయడం.

ఆ తర్వాత

పిల్లలు మనసు విప్పిన మర్నాడు ఏమీ జరగనట్టు మామూలుగా ఉండండి. టిఫిన్ పెట్టండి. నిన్న చెప్పినదాన్ని చుట్టాలకు ఫోన్ చేసి చెప్పకండి. అలా ఒక్కసారి తెలిసిందంటే మళ్లీ నోరు విప్పరు. మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే చోట, అదే పనితో కూర్చోండి. ఏమీ మాట్లాడకపోయినా కూర్చోండి. రోజుకో స్నేహితుడితో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడనివ్వండి. ఆ గంట ఫోన్‌ను చదువు పాడుచేసే వస్తువుగా చూడకండి, లాక్‌డౌన్‌లో వాళ్లకున్న ఒకే ఒక్క వీధి అరుగు అది.

డాక్టరు మందులు రాస్తే అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. "తగ్గట్లేదు, ఊరికే నిద్రపోతున్నాడు" అని పదో రోజున మానేయించకండి. ఆ మొదటి వారాల్లో మీరు మరింత దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి. చిరాకు, ఆందోళన పెరిగినట్టు కనిపిస్తే డాక్టరుకు వెంటనే చెప్పాలి. తగ్గిందనిపించినా మందులు మాన్పించాల్సింది మీరు కాదు, రాసినవాళ్లు. మళ్లీ చూపించాల్సిన తేదీని వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి, ఆ రోజుకి వేరే పనేమీ పెట్టుకోకండి.