ఇంజను బిగించిన సైకిల్‌కు ముందు సస్పెన్షన్ ఫోర్క్: నా అనుభవం

పాత సైకిల్‌కు చిన్న పెట్రోలు ఇంజను బిగించిన తరువాత, ప్రతి గుంతకూ హ్యాండిల్ అదురు మోచేతుల దాకా పాకేది. సస్పెన్షన్ ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకుని స్ప్రింగుతో కుంగే భాగం, తప్పనిసరి అనిపించి, చవకగా దొరికినదాన్ని కొన్నాను. అది ఫ్రేములోకి దిగనే లేదు. నా ఫ్రేము 25.4 మిల్లీమీటర్ల వ్యాసమున్న, మరలు చెక్కిన స్టీరర్ గొట్టానికి (ఫోర్క్ పైన ఉండి ఫ్రేములోకి దూరే గొట్టం) తయారైనది కాగా, నేను తెచ్చినది 28.6 మిల్లీమీటర్లది. కొలవకుండా కొనడం పూర్తిగా నా తప్పే.

రెండోసారి స్టీరర్ వ్యాసాన్ని, పొడవును, ఇరుసు నుంచి క్రౌన్ (కాళ్లను పైన కలిపే భాగం) వరకు ఉన్న ఎత్తును కొలిచి రాసుకున్నాను. ఈ ఎత్తు బాగా పెరిగితే ముందు భాగం లేచి, స్టీరింగ్ కోణం వాలిపోయి, తక్కువ వేగంలో బండి మొండిగా తిరుగుతుంది. అందుకే 100 మిల్లీమీటర్లు కుంగే ఫోర్క్‌ను వదిలి, 50 మిల్లీమీటర్లు కుంగేదాన్ని, కాళ్లూ స్టీరరూ ఉక్కువైనదాన్ని ఎంచుకున్నాను. బరువు కాస్త ఎక్కువే, కానీ ఇంజను మోసే బండికి అది లెక్కలోనిది కాదు. నా పాత రిమ్ బ్రేకులు బిగించడానికి దిమ్మెలు ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాను.

బిగించాక, ఎంత కుంగుతుందో చూడటానికి ఫోర్క్ కాలికి ఒక ప్లాస్టిక్ టై కట్టి, మెల్లగా బండి ఎక్కి దిగితే, అది 20 మిల్లీమీటర్లు జరిగింది. ఆ కుంగుబాటు ఎక్కువ కావడంతో, స్ప్రింగు బిగింపు మరను తిప్పి 12కు తెచ్చాను. ఫోర్క్ పూర్తిగా కుంగినా టైరు క్రౌన్‌కు తగలడం లేదని నిర్ధారించుకున్న తరువాతే ఇంజను స్టార్టు చేశాను.